రెండు వీధులు పట్టుకున్న దుప్పటి

ఆ రోజుల్లో మా కడప జిల్లా పల్లెల్లో ఎర్రబండి, అదే ఫైరింజన్, గంట వినిపిస్తే సాయానికి ఎదురొచ్చే మాట అటుంచి, ఊళ్లో ఉన్నవాళ్లు కూడా పారిపోయేవాళ్లు. ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు గానీ అబద్ధం కాదు. ఫ్యాక్షన్ ముదిరిన కాలం అది. దూరాన గంట కొట్టుకుంటూ గవర్నమెంటు బండి ఏదైనా వస్తోందంటే అది పోలీసు వ్యానేనని లెక్క. జమ్మలమడుగు వైపు ఏ పల్లెలోకైనా మా ఫైరింజన్ మలుపు తిరిగేసరికి మగవాళ్లంతా శనగ చేలకు అడ్డంపడి పరుగు. ఒకపక్క గడ్డివామి భగభగ మండుతుంటే, మాకు బావి చూపించడానికి ఒక ముసలవ్వా రెండు కుక్కలూ మిగిలేవి. (అవ్వ గడప దాటేది కాదు. కుక్కలే నయం, బావి దాకా వచ్చేవి.) అక్కడే ఒక ఫైర్ స్టేషన్లో నేను కొత్తగా ఫైర్‌మన్‌గా చేరాను. ఏ ఊరి స్టేషనో చెప్పను, మా శాఖ వాళ్లు ఇంకా అక్కడ నౌకరీ చేసుకోవాలి. ఖాకీ బట్టలు వేసుకొని, నెత్తిన హెల్మెట్ పెట్టుకొని, అద్దంలో నన్ను నేను చూసుకొని మురిసిపోయిన వయసు అది.

ఆ మురిపెంలోనే పెళ్లి కూడా కుదిరింది. పిల్లది పులివెందుల పక్కన పల్లె. కాబోయే మామకు చీనీ (మీరు బత్తాయి అంటారు) తోట ఉంది, బోర్లు ఉన్నాయి, ఆ బోర్ల కంటే లోతైన అనుమానం ఉంది. "అగ్గిలో దూకే నౌకరీ అంట గదమ్మా. రేప్పొద్దున ఏ కాలో చెయ్యో పోతే మా పిల్ల గతేంది?" అని పెళ్లిచూపుల్లోనే మా అమ్మను నిలదీశాడు. మా అమ్మ దువ్వూరు మనిషి, మాటకు తడుముకోదు. చేతిలోని కాఫీ గ్లాసు కింద పెట్టకుండానే, "అగ్గి కాడికి వేరేవాళ్లు పోతారన్నా. మావోనిది బండ్లో కూర్చోని గంట కొట్టే పని" అని చెప్పేసింది. ఆ ఒక్క మాట మీద లగ్నం నిలబడింది. వచ్చే నెలలోనే ముహూర్తం, ప్రొద్దుటూరులో పట్టుచీర కూడా తీసేశారు. ఇక చూడండి నా అవస్థ. గంట కొట్టేవాడికి కాలెట్లా విరిగిందని మామ అడిగితే ఆ పెళ్లి అక్కడితో సరి. అందుకని నిచ్చెన కూడా పట్టి పట్టి ఎక్కేవాణ్ణి. పిల్లను ఒక్కసారే చూశాను, అదీ తలుపు సందులో నుంచి. అయినా ఆ తలుపు సందు పోగొట్టుకోవడం నాకు ఎంతమాత్రం ఇష్టం లేదు.

సరిగ్గా అప్పుడే మా స్టేషన్‌కు కోస్తా నుంచి కొత్త ఆఫీసరు సారు బదిలీ మీద వచ్చాడు. చాలా మంచివాడు. ఆయన మంచితనమే మా కొంప ముంచింది. "జనం మనల్ని చూసి పారిపోతుంటే ఇంక మనమెందుకయ్యా? మనమే వాళ్ల దగ్గరికెళ్లి, మంటొస్తే ఏం చెయ్యాలో నేర్పించాలి" అన్నాడు. వేసవిలో అగ్నిమాపక వారోత్సవాలు వస్తున్నాయి, ఏదో ఒక ఊళ్లో ప్రదర్శన పెట్టాలి. ఆయన ఏరి ఏరి, కక్షలకు అన్నిటికంటే ఎక్కువ వాములు తగలబడే ఊరిని ఎంచుకున్నాడు. మా బండి నడిపే డ్రైవర్ మామ (నాకు చుట్టం కాదు, స్టేషన్లో అందరికీ ఆయన మామే) చేతులు జోడించాడు. "సార్, ఆ ఊరొద్దు సార్. ఎర్రగుంట్లలో సిమెంటు లారీలోళ్లకు సూపిద్దాం. వాళ్లయితే సప్పట్లు గుడక కొడతారు." సారు వినలేదు.

ఆ ఊరికి రెండు వీధులు, ఎగువ వీధి, దిగువ వీధి. ఎగువ వీధికి ఒక పెద్దాయన, ఆయన్ను ఎగువన్న అనేవాళ్లు. దిగువ వీధికి ఇంకో పెద్దాయన, ఆయన దిగువన్న. ఇద్దరికీ మాటలు లేక ఎన్ని ఏండ్లయిందో ఎవరికీ గుర్తు లేదు. కారణం కూడా గుర్తు లేదు. చేను గట్టని కొందరు, గొర్రెల మంద అని కొందరు అనేవాళ్లు. టీ అంగళ్లు రెండు, మంగలి షాపులు రెండు. అంత చిన్న ఊళ్లో బస్సు కూడా రెండు చోట్ల ఆగేది. ఎగువన్న ఒక పార్టీలో ఉంటే దిగువన్న రెండో పార్టీలో. ఒకాయన అలిగి పార్టీ మారితే, ఆ వారంలోనే రెండో ఆయన, ఖాళీ అయిన ఆ పార్టీలోకి మారిపోయేవాడు. (జెండా కర్రలు పాతవే, గుడ్డలు మాత్రం మార్చుకునేవాళ్లు.) నవ్వుతూ రాస్తున్నాను గానీ, ఆ రెండు వీధుల్లోనూ చిన్న వయసులోనే బొట్టు పోగొట్టుకున్న ఆడవాళ్లున్నారు. వాళ్ల ఇండ్ల ముందు నుంచి పోతుంటే మా డ్రైవర్ మామ గంట కొట్టేవాడు కాదు.

ఊళ్లో రెండు వర్గాలకూ చెందని చోటు ఒక్కటే, బడి. వీధులకు నడుమ ఉంది. దాని వరండాలో పోలీసు పికెట్ మకాం. గొడవలు రాకుండా పెట్టిన ఆ నలుగురు పోలీసులు అక్కడే వండుకొని, అక్కడే పడుకొని, బట్టలు ఉతుక్కొని బడి పైగదిలో ఆరేసుకునేవాళ్లు. వాళ్లకు పెద్ద, ఒక హెడ్డు కానిస్టేబులు. మేం పోయిన పొద్దున ఆయన లుంగీ బనియన్ల మీద బెల్టు మాత్రం పెట్టుకొని ఉప్మా కలుపుతున్నాడు. "ఏం కాదు లెండి సార్, నేనుండా గదా" అని గరిటెతోనే మా సారుకు సెల్యూట్ కొట్టాడు. ముందురోజే దండోరా వేయించడంతో ఈసారి ఎవరూ పారిపోలేదు. బడి ముందు జనం బాగానే చేరారు. కుడిపక్క ఒక ఊరు, ఎడమపక్క ఇంకో ఊరు, మధ్యలో కోడి కూడా నడవని ఖాళీ.

బకెట్లు, ఇసుక, గొట్టంతో నీళ్లు కొట్టడం, అన్నీ బాగానే జరిగాయి. పిల్లలు కేరింతలు కొట్టారు. చివర్లో సారు జంపింగ్ షీటు తీయించాడు. అదేమీ బ్రహ్మవిద్య కాదు. మందంగా ఉండే పెద్ద కాన్వాసు గుడ్డ, చుట్టూ పట్టుకోవడానికి తాళ్లు, నడుమ ఎర్రటి గుండ్రం. మిద్దె మీద ఎవరైనా మంటలో చిక్కుకుంటే కింద ఓ పదిహేను ఇరవై మంది గుండ్రంగా నిలబడి బిగించి పట్టుకుంటారు, పైనున్నవాడు ఆ గుండ్రంలోకి దూకుతాడు. అందరూ సమానంగా లాగి పట్టుకోవాలి. ఒక పక్క సడలిందా, దూకినవాడు అటే జారి నేలకు కొట్టుకుంటాడు. ఆ దూకేవాణ్ణి నేనే. స్టేషన్లో అందరికంటే బక్కవాణ్ణని సారు నన్ను ఎంచాడు. నా మనసులో కాబోయే మామ ఒకసారి, తలుపు సందు ఒకసారి మెదిలాయి గానీ, ట్రైనింగులో చాలాసార్లు దూకినవాణ్ణే కదా అని ధైర్యం చెప్పుకున్నాను. ట్రైనింగులో పట్టుకున్నవాళ్లంతా ఒకే బ్యారక్‌లో ఒకే పప్పు తిన్నవాళ్లన్న సంగతి అప్పుడు తట్టలేదు.

మేమున్నదే ఐదుగురం. షీటు పట్టాలంటే ఊరివాళ్లు కావాలి. సారు చిరునవ్వుతో, "రండి బాబూ, ఇటొకరు అటొకరు, కలిసి నిలబడండి" అన్నాడు. ఊరంతా ఉలిక్కిపడింది. డ్రైవర్ మామ ఆయన చెవిలో, "సార్, ఈ ఊర్లో పెండ్లి బంతిలో గుడక అట్ల కూర్చోరు" అన్నాడు. గుంపులోంచి ఒకడు ముందుకొచ్చి, "వాని పక్కన నిలబడుకుంటే రాత్రికి మా ఇంట్లో నాకు కూడు పెట్టరు సార్" అని విన్నవించుకున్నాడు. అరగంట రాయబారం నడిచింది. చివరికి సగం గుండ్రం ఎగువ వీధికి, సగం దిగువ వీధికి అని ఒప్పందం కుదిరింది. రెండు సగాలు కలిసే రెండు చోట్లా సరిహద్దు రాళ్ల మాదిరి మా ఫైర్‌మన్లు చెరొకరు. పెద్దలిద్దరూ పట్టలేదు, తమ తమ కుర్చీల్లో కూర్చొని చూస్తున్నారు.

నేను పైగదిలో ఒక డ్రమ్ములో తడి గోనెసంచులూ గడ్డీ వేసి, చూడ్డానికి బాగుంటుందని పొగ పెట్టి, బయటకొచ్చి పిట్టగోడ ఎక్కాను. కిందికి చూస్తే ఎర్ర గుండ్రం సరిగ్గా నా కాళ్ల కిందే ఉంది. దండం పెట్టుకొని మళ్లీ చూస్తే అది గేటు వైపు పోతోంది! ఎగువ వీధివాళ్లు బలంగా లాగుతున్నారు. అది గమనించి దిగువ వీధివాళ్లు కాళ్లు తన్నిపెట్టి లాగారు, గుండ్రం నా కిందుగా వచ్చి, ఆగకుండా బాదం చెట్టు వైపు సాగిపోయింది. "లాక్కోకండయ్యా, పట్టుకోండి!" అని సారు అరుస్తున్నాడు. ఎవరు వింటారు? షీటు అటూ ఇటూ పోతోంది, దానితోపాటు నా పెళ్లి కూడా. అప్పుడు కిందనుంచి ఒక గొంతు లేచింది. "మా పక్క దూకబ్బీ!" వెంటనే అవతల నుంచి, "వాళ్ల మాట ఇనాకు, ఈడ దూకు! ఈడ దూకు!" నాకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. వాళ్లు దీన్ని ఓటు కింద లెక్కేస్తున్నారు. గవర్నమెంటు మనిషి ఏ వీధి సగంలో పడితే గవర్నమెంటు ఆ వీధిదన్నమాట!

నేనేమో పిట్టగోడ దిగి మెట్ల గుండా కిందికి వచ్చేద్దామని వెనక్కి తిరిగాను. తిరిగి చూస్తే, నేను పెట్టిన పొగ ఇప్పుడు పొగ కాదు. డ్రమ్ములోంచి నిప్పు లేచి, పైన తాడు మీద ఆరేసిన ఖాకీ ప్యాంటుకు అంటుకొని, అక్కడి నుంచి మూలనున్న విరిగిన బెంచీలకు పాకింది. మెట్లు ఆ గదిలోనుంచే. తలుపులోంచి నల్లగా పొగ తన్నుకొస్తోంది. "సార్, నిజంగానే అంటుకుందీ!" అని అరిచాను. జనం చప్పట్లు కొట్టారు. (నా నటన వాళ్లకు నచ్చింది.) సారుకు మాత్రం నా మొహం చూడగానే తెలిసిపోయింది. నిచ్చెన బండి మీదే ఉంది, దాన్ని విప్పి తెచ్చేలోగా మంట నా దాకా వచ్చేట్టుంది. హెడ్డు తలెత్తి చూసి, "అయ్యో, నా ప్యాంటు! ఉన్నదదొక్కటే!" అని గరిటె పారేశాడు.

గొట్టం లాగడానికి మా ఫైర్‌మన్లిద్దరూ షీటు వదిలి బండి వైపు పరుగెత్తారు. అంటే సరిహద్దు రాళ్లు లేచిపోయాయి. ఒక ఖాళీలోకి సారు దూకి తాడు పట్టుకున్నాడు. రెండో ఖాళీ అట్లాగే ఉండిపోయింది. అందులో ఎవరు నిలబడినా అవతలి వీధివాడి పక్కన నిలబడాలి. ఎవరూ కదల్లేదు, అందరూ వెనక్కి తిరిగి కుర్చీల వైపు చూశారు. అప్పుడు ఎగువన్న లేచాడు. ఆయన లేచాక దిగువన్న కూర్చోగలడా? ఇద్దరూ పంచెలు ఎగ్గట్టి ఆ ఖాళీలోకే వచ్చి, ఒకరి మొహం ఒకరు చూడకుండా చెరొక తాడు పట్టుకున్నారు. పాపం, ఒక ముసలవ్వ "ఇదేం కాలం నాయనా" అంది.

నా వీపుకు వేడి తగులుతోంది. ఎగువన్న తలెత్తి, "అబ్బీ, మా పక్క దూకు. నీ పెండ్లికి పొట్టేలు పంపిస్తా!" అన్నాడు. (నా పెళ్లి సంగతి ఆయనకెట్లా తెలుసని అడగకండి. ఫ్యాక్షన్ ఊళ్లలో తెలియనిదేముంటుంది?) దిగువన్న ఆయన వైపు చూడకుండానే, "మా పక్క దూకు, రెండు పంపిస్తా!" అన్నాడు. షీటు మళ్లీ అటూ ఇటూ మొదలైంది. నాకు ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. జీవితంలో ఎప్పుడూ అంత గట్టిగా అరవలేదు. "యోవ్! మీ పొట్టేళ్లు నాకొద్దు! నేనిప్పుడు దూకుతాండా. ఏ వీధోళ్లు లాగి నేను కింద పడ్తే, ఆ వీధోళ్లు నన్ను సంపినట్టు! పోలీసాయన ఈన్నే ఉండాడు, అందరినీ సూస్తాండాడు, కేసు ఆ వీధి మిందనే!"

హెడ్డు లుంగీలో ఉన్నాడు, మనసంతా ప్యాంటు మీద ఉంది. అయినా ఆ మాట వినగానే బెల్టు సర్దుకొని మీసం మీద చెయ్యేశాడు. అంతే, షీటు కొయ్యబారిపోయింది. కేసు విలువ ఆ ఊరికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. కోర్టుల చుట్టూ తిరిగి అరిగిన కాళ్లు అవన్నీ. "రేయ్, ఎవడన్నా ఇడిసిపెట్టినాడంటే సూడు!" అని ఎగువన్న, "లాగద్దండి రా, బిగించి పట్టుకోండి రా!" అని దిగువన్న. సరిహద్దులో భుజానికి భుజం ఆనించి, పళ్లు బిగించి ఇద్దరూ పట్టుకున్నారు. అంత బిగువుగా, అంత సమంగా ట్రైనింగులో కూడా ఎవరూ నా కోసం షీటు పట్టలేదు. ఎర్ర గుండ్రం కదలకుండా నిలబడింది. తలుపు సందును తలచుకొని దూకేశాను.

సరిగ్గా నడుమ పడ్డాను. పడినవాడి బరువుకు పట్టుకున్నవాళ్లు లోపలికి తూలుతారు, అది షీటు ధర్మం. కొత్తవాళ్లు కదా, ఒక్కరు కూడా తాడు వదల్లేదు. (వదిలితే కేసు!) దాంతో ఎగువ వీధి, దిగువ వీధి మూకుమ్మడిగా వచ్చి నా మీద పడ్డాయి. ఎవరి తల ఎవరికి తగిలిందో, ఎవరి కాలు ఎవరి సంకలో ఇరుక్కుందో భగవంతుడికే తెలియాలి. నాకు చెరోపక్క ఒక పెద్ద తల వచ్చి, నా హెల్మెట్ మీదుగా ఒకదానికొకటి ఠంగుమని కొట్టుకున్నాయి. కళ్లు తెరిచి చూస్తే కుడివైపు ఎగువన్న, ఎడమవైపు దిగువన్న. దిగువన్న కనుబొమ మీద చిట్లి రక్తం కారుతోంది. ఆ ఊళ్లో ఆ ఇద్దరి నడుమ రక్తం కనబడడం అంటే ఏమిటో అందరికీ తెలుసు. నా కాళ్లు బాగున్నాయని నాకు తెలుసు, అయినా లేవకుండా అట్లాగే పడుకున్నాను.

"దెబ్బ తగిల్నాదా?" అన్నాడు ఎగువన్న.

"యాడ... ఏం కాలేదు లే" అన్నాడు దిగువన్న. కనుబొమ తుడుచుకొని, "నీకు?" అన్నాడు.

అంతే. ఇద్దరూ లేచారు, పంచెలు దులుపుకున్నారు, చెరొక వీధిలోకి వెళ్లిపోయారు. వాళ్ల వెనకే ఊరు కూడా రెండుగా చీలి వెళ్లిపోయింది. మావాళ్లు గొట్టంతో మంట ఆర్పేశారు. బెంచీలు పోయాయి, ప్యాంటు పోయింది. హెడ్డు మరో ప్యాంటు కుట్టించుకునే దాకా ఆ ఊరి శాంతిభద్రతల్ని లుంగీతోనే కాపాడాడని విన్నాను. తిరుగుదారిలో ఊరు దాటాక సారు, "ప్రదర్శన బాగానే జరిగినట్టేనంటావా?" అని డ్రైవర్ మామను అడిగాడు. "శానా బాగా జరిగినాది సార్. ఈసారి ఎర్రగుంట్ల పోదాం" అన్నాడు మామ.

మేం స్టేషన్ చేరకముందే కబురు పులివెందుల చేరింది. మర్నాడు పొద్దున్నే కాబోయే మామ మొదటి బస్సులో దిగాడు. నన్ను స్టేషన్ వరండాలో అటూ ఇటూ నడిపించి చూశాడు, సంతలో ఎద్దును చూసినట్టు. కూర్చోమన్నాడు, లేవమన్నాడు. తృప్తిపడ్డాక అడిగాడు, "గంట కొట్టేవోనివి, మిద్దె మిందికి యాలప్పా పోయినావు?" నేనూ దువ్వూరు మనిషికి పుట్టినవాణ్ణే కదా, "ఆ పొద్దు గంట పైన పెట్టినారు మామా" అన్నాను. ఆయన నా మొహంలోకి చాలాసేపు చూసి, సంచిలోంచి చీనీ కాయలు తీసి చేతిలో పెట్టాడు. లగ్నం మారలేదు. పొట్టేళ్లు మాత్రం రాలేదు, ఒకటీ రాలేదు, రెండూ రాలేదు. నడుమ పడ్డవాడికి ఎవరు పంపిస్తారు?

అసలు తంటా తర్వాత వచ్చింది. ఎగువ వీధి నుంచి ఒకడు స్టేషన్‌కు వచ్చి, నన్ను పక్కకు పిలిచి, "మా అన్న దెబ్బ తగిల్నాదా అని అడిగింది నిన్నే గదా? వాన్ని కాదు గదా?" అన్నాడు. వాళ్ల అన్న శత్రువును పలకరించాడంటే వీధి పరువు పోతుందట. నన్నే అడిగాడన్నాను. రెండు రోజులకు దిగువ వీధివాడు వచ్చాడు. "మావోడు 'నీకు?' అన్నది నిన్నే గదబ్బీ?" నన్నే అన్నాను. ఇద్దరూ సంతోషంగా వెళ్లారు. అయితే ఆ ఏడు ఆ ఊరినుంచి వామి కాలిందని మాకు ఒక్క కబురూ రాలేదు. అందుకు నేనే కారణమని చెప్పుకునేంత గొప్ప నాకు లేదు. బహుశా వానలు బాగా పడి ఉంటాయి.

ఇప్పుడు నేను రిటైరయ్యాను. ఆ రోజు బక్కవాణ్ణని ఎంచిన నన్ను ఈనాడు దూకమంటే పట్టడానికి ఆ రెండు వీధులూ చాలవు, పక్క ఊరు కూడా కావాలి. మా ఆవిడ ఇప్పటికీ నన్ను నలుగురిలో "గంట కొట్టే ఆయన" అనే అంటుంది. ఎగువన్నా లేడు, దిగువన్నా లేడు. ఇద్దరూ మంచం మీద, మందులు మింగుతూ, మామూలుగా పోయారు. ఆ ఊళ్లో పెద్దవాళ్లు అట్లా పోవడం గొప్ప సంగతే. ఇంక ఎవరి పరువూ పోదు కాబట్టి చెబుతున్నాను. ఆ పొద్దు ఆ మాటలు అడిగేటప్పుడు వాళ్లిద్దరిలో ఒక్కరు కూడా నా వైపు చూడలేదు. మిద్దె మీద నుంచి దూకి, ఇద్దరి మధ్య వెల్లకిలా పడి ఉన్న నన్ను, నీకేమన్నా అయిందా అని ఆ ఊళ్లో ఒక్క మనిషీ అడగలేదు. ఆ వయసులో దానికి కొంచెం చిన్నబుచ్చుకున్నాను కూడా. ఇప్పుడు తలచుకుంటే, నన్ను ఎవరూ అడగనందుకే సంతోషంగా ఉంటుంది.